అరకుకు విసనకర్రలు

మా చెల్లెలు పోయింది.

పొద్దున్నే బావ వచ్చి, సైకిలుకు స్టాండు వెయ్యకుండా, హ్యాండిలు పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. నేను పేపరు చదువుతూ, అలవాటు ప్రకారం ఎవరో మంత్రిని తిట్టుకుంటూ బయటికి వచ్చాను. "అయిపోయిందిరా" అన్నాడు. ఆస్పత్రిలో కామెర్ల వార్డులో పనిచేసి చేసి, చివరికి ఆ కామెర్లతోనే తను పడుకుంది. నర్సు చేతికి తొడుగులు ఇవ్వలేని వాళ్ళు ఆమె ఫోటోకు దండ మాత్రం తెప్పించారు. దాని గురించి వేరే చోట రాస్తాను, రాయక మానను. ఇక్కడ మాత్రం ఆమె గురించే చెప్పాలి. చెప్పడం నాకు తిట్టినంత సులువు కాదు.

చెల్లెలంటే తోడబుట్టింది కాదు. బావ, నేను కాలేజీ నాటి నుంచి స్నేహితులం. అతనిది మంగళగిరిలో మగ్గాల ఇల్లు. అతను బెజవాడ వన్ టౌన్లో ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఆమెది గన్నవరం వైపు పల్లెలో క్రైస్తవుల కుటుంబం, తండ్రి చర్చిలో బోధకుడు. ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామనేసరికి రెండిళ్ళ తలుపులూ ఒక్కసారే మూసుకున్నాయి. ఆ ఒక్క విషయంలో రెండు మతాలకీ ఎంత చక్కటి సఖ్యతో! రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళికూతురి తరఫున సాక్షి సంతకం పెట్టేవాడు లేకపోతే నేను పెట్టాను. పెన్ను జేబులో పెట్టుకుంటుంటే ఆమె అడిగింది:

"అయితే మీరు నాకు అన్నయ్య అయినట్టేనాండీ?"

"చట్టప్రకారం కాదమ్మా."

"చట్టం సంగతి నేనడగలేదుగా."

ఆ రోజు నుంచి నేను అన్నయ్యగారిని. నా స్నేహితుడు నాకు బావ.

ఆమెకో అలవాటు ఉండేది. నేను వాదనలోకి దిగి గొంతు పెంచానంటే చాలు, పక్కన కూచుని నా ఎడమ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గడియారం కేసి చూసేది. "కానివ్వండన్నయ్యగారూ, ఇంకా ఎక్కుతోంది" అనేది. నాడి చూస్తున్న మనిషి ముందు ప్రపంచ విప్లవం గురించి మాట్లాడి చూడండి, తెలుస్తుంది! నేను నవ్వేసేవాణ్ణి. నవ్వాక "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అనేది. అప్పుడు నిజంగా వినేది. విని, ఎక్కడ తప్పు మాట్లాడానో చెప్పేది. ఈ ఊళ్ళో నన్ను పొగిడేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళు అంతకన్నా ఎక్కువే ఉన్నారు. విని, ఆ తరవాత కాదనే మనిషి ఆమె ఒక్కతే.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక వేసవిలో మా రెండు కుటుంబాలూ అరకు వెళ్ళాం. బెజవాడలో రోళ్ళు పగిలే ఎండలు. మాకు పండగలు లేవు, నేను చేసుకోనివ్వను కాబట్టి. పుట్టిళ్ళు లేవు, ఆ ఆడవాళ్ళిద్దరికీ మమ్మల్ని కట్టుకున్న పుణ్యాన. సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని వెళ్ళడానికి మా రెండిళ్ళకూ ఎవరూ లేరు. "మనకెవరూ లేకపోతే కొండలున్నాయి, పదండి" అని బయల్దేరదీసింది చెల్లెలే.

ప్రయాణానికి ఏం సర్దారో చెబితే మీరు నమ్మరు. మా ఆవిడ అరడజను తాటాకు విసనకర్రలు సర్దింది. చెల్లెలు మట్టి కూజాకు తడిగుడ్డ చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నేను పిల్లలకు గొడుగులు కొన్నాను. చలికోట్లూ కంబళ్ళూ ఒక్కరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. మా ఊళ్ళో కొండలున్నాయి. మాకు తెలిసిన కొండలవే. వేసవిలో పగలంతా ఎండ మింగి, దీపాలు పెట్టాక కూడా ఊరి మీదికి సెగ కక్కుతూనే ఉంటాయి. కొండ దగ్గర ఇల్లు ఎవరికైనా అద్దెకు దొరికితే పాపం అనుకునేవాళ్ళం. కొండంటే చల్లన అని పుస్తకాల్లో చదివాం గాని, మా ఒళ్ళు నమ్మలేదు.

వాల్తేరులో బండి మారి కొండ ఎక్కే పాసింజరు ఎక్కాం. పెట్టెలో దీపాలు వెలగలేదు. మొదటి సొరంగంలోకి వెళ్ళేసరికి పిల్లలు గుక్కపట్టారు. చీకట్లో చెల్లెలు గొంతెత్తి ఒక కీర్తన అందుకుంది. గొప్ప గొంతేం కాదు, నైట్ డ్యూటీలు చేసి బొంగురుపోయిన గొంతు. అయినా పిల్లలు ఊరుకున్నారు. రెండో సొరంగంలో ఆమె కూతురు అందుకుంది. ఆ తరవాత నా కొడుకు కూడా!

"ఏమ్మా, సొరంగాల్లో మతమార్పిడులా?" అన్నాను.

"వెలుతురు రానివ్వండి, మీ పాటలు పాడిద్దురుగాని. మీ పాటలన్నీ కాగితం చూసి పాడాల్సినవేగా, చీకట్లో పనికిరావు."

బావ, ఎప్పుడూ నోరు విప్పనివాడు, పడీపడీ నవ్వాడు. పైకి వెళ్ళేకొద్దీ పిల్లలు చీకటి ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూడడం మొదలెట్టారు.

అరకులో దిగేసరికి మబ్బు పట్టింది. మేం దిగాల్సిన బంగళాకు చేరుతుండగా వాన. సాయంత్రానికి చలి. పిల్లల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మా ఆవిడ విసనకర్రల కట్ట చేతిలో పట్టుకుని, "కొండ మీదంటే సూర్యుడికి ఇంకా దగ్గర కదా అనుకున్నానండీ" అంది ఏడుపు మొహంతో. బంగళా కాపలాదారు మా సామాను చూసి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు. "బెజవాడ" అన్నాను. "అదీ సంగతి" అన్నాడు.

అప్పుడు చెల్లెలు బావ మూట విప్పింది. తలుపు మూసినా బేరం మానుకోని వాళ్ళ పెదనాన్న, తిరుగు ప్రయాణంలో విశాఖపట్నం కొట్లో ఇవ్వమని మంగళగిరి నుంచి పంపిన పంచెలవి. కొత్తవి, గంజి పెట్టి మడత పెట్టినవి.

"అవి అమ్మకం సరుకే!" అన్నాడు బావ.

"నేసింది కప్పుకోడానికా, మడతపెట్టుకోడానికా?" అని పిల్లలకు ఒక్కొక్కరికీ రెండేసి పంచెలు తల నుంచి కాళ్ళ దాకా చుట్టింది. కాపలాదారు ఇచ్చిన పచ్చి కట్టెలు అంటుకోకపోతే, మా ఆవిడ చేతిలోంచి విసనకర్ర లాక్కుని కుంపటి విసిరింది. మంట లేచాక మా ఆవిడ వైపు తిరిగి, "చూశారా వదినా, పనికొచ్చాయా లేదా? ఒక్క గాలికే తిరగబడ్డ అన్నయ్యగారి గొడుగులే దండగ" అంది. ఏడుస్తున్న మనిషి నవ్వింది.

వేణ్ణీళ్ళ లాంటి చారు, అన్నం పెట్టుకుని వరండాలో కూచున్నాం. చెల్లెలు కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. నా కొడుకు అడిగాడు: "నాన్నా, అత్త ఎవరితో మాట్లాడుతోంది?"

ఇంకేం, నాకు దొరికింది. పురోహితుల దగ్గర మొదలుపెట్టి రోములో పోపుల దాకా వెళ్ళాను. ఆకలి సృష్టించినవాడికి అన్నానికి కృతజ్ఞత ఎందుకన్నాను. నా ఎడమ చెయ్యి ఎప్పుడో ఆమె ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"అన్నం చల్లారుతోంది, మీరు వేడెక్కుతున్నారు" అంది. తరవాత చెయ్యి వదలకుండానే, నవ్వకుండా, "ఒకటి చెప్పనాండీ? నా పెళ్ళికి అక్షింతలు లేవు, ప్రార్థనా లేదు. మీ వాళ్ళ ఉపన్యాసాలు మాత్రం దండిగా ఉన్నాయి. నాకేం బాధ లేదు, నా ఇష్టంతోనే చేసుకున్నాను. కానీ నేను పోయినప్పుడు ఉపన్యాసం వద్దు. ఒక్క కీర్తన పాడించండి, చాలు. మాటివ్వండి" అంది.

"నేనా? కీర్తనా? ఎవరిచేత పాడించనమ్మా?"

"అది మీ తిప్పలు. సంతకం పెట్టినవాళ్ళు మీరేగా!"

నవ్వుతూ మాటిచ్చాను. ముప్ఫై ఏళ్ళ తరవాతి సంగతి కదా అనుకున్నాను.

ముప్ఫై ఏళ్ళు ఇవ్వలేదు.

బావ వాకిట్లో నిలబడ్డ ఆ పొద్దున నేను చొక్కా తొడుక్కుని తిన్నగా ఆమె చర్చి సంఘ పెద్ద ఇంటికి వెళ్ళాను. ఆయన్ని నేను పత్రికలో చాలాసార్లు చెరిగేశాను. అయినా లోపలికి రమ్మన్నారు, కుర్చీ వేశారు. సమాధుల తోటలో చోటు, ఒక కీర్తన, రెండే అడిగాను.

"ఆవిడ మంచిది కాదని ఎవరన్నారండీ? మా అబ్బాయికి టైఫాయిడ్ వస్తే రాత్రింబవళ్ళు చూసింది. కానీ సంఘంలో పేరు కొట్టేసిన మనిషి. చోటెలా ఇస్తాం? రేపు ఇంకొకళ్ళు వచ్చి అడుగుతారు."

"ఇవ్వండి. చచ్చినవాళ్ళు మిమ్మల్ని ఇంకేం అడుగుతారు?"

"మీరు దేవుణ్ణి నమ్మరు కదండీ, మీకెందుకింత పట్టుదల?"

"నేను నమ్మను. ఆమె నమ్మింది. ఆమె మంచిచెడ్డలు చూసుకోవాల్సిన ఆయన ఉన్నాడని మీరూ నమ్ముతారు. మరి గేటు తాళం మీరెందుకు పట్టుకున్నారు?"

పెద్దాయన లేచి గుమ్మం దాకా సాగనంపారు. వాదంలో గెలిచాను. తాళం మాత్రం రాలేదు.

బావ ఇంటికి వచ్చేసరికి మంగళగిరి నుంచి అతని పెదనాన్న దిగారు. "మా కోడలు పునిస్త్రీగా పోయింది. పసుపు రాసి, కుంకం పెట్టి, మా పద్ధతిలో దహనం చేస్తాం" అన్నారు. ఏ కోడలండీ? మగ్గం గుంట ఛాయలకు కూడా ఎప్పుడూ రానివ్వని కోడలా? పోయాక మాత్రం అందరికీ కావలసిన మనిషైంది. నేను నోరు తెరిచేలోపే బావ అన్నాడు: "తనని నేను కాల్చను పెదనాన్నా. తనవాళ్ళు మట్టిలో పెడతారు. నేనూ అంతే." అంత పొడుగు మాట అతను పెద్దల ముందు మాట్లాడగా నేను వినలేదు.

ఈలోగా నా మిత్రులు, అభ్యుదయవాదులు, ఒక బ్యానరు పట్టుకుని వచ్చారు. సమాధి దగ్గర సంతాప సభ పెడదామట. కులాంతర, మతాంతర వివాహానికి ఆదర్శమూర్తి అట. అధ్యక్షత నాదేనట. బ్యానరు చుట్టేయమన్నాను. "మీరా ఈ మాట అనేది?" అన్నారు. నేనే. ఆమె ఎవరి ఆదర్శమూ కాదు. ఒక మనిషిని ఇష్టపడింది, పెళ్ళి చేసుకుంది. తన దేవుణ్ణి కూడా వదల్లేదు. ఆ మాటను మన సభల్లో పదహారేళ్ళపాటు ఎవరైనా ఒప్పుకున్నామా? చర్చి పేరు కొట్టేసిందని ఊరేగించుకున్నాం. ఆమె కొట్టేసుకోలేదన్న సంగతి వదిలేశాం. ఇది రాస్తే మనవాళ్ళకు కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

కాలవ కట్ట అవతల మునిసిపాలిటీ స్థలంలో, దిక్కులేనివాళ్ళని పూడ్చే మూలలో గుంట తవ్వారు. బావ ఆమె మీద ఒక పాత పంచె కప్పాడు. అంచున అరకు ఎర్రమట్టి మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. పెదనాన్న దాన్ని గుర్తుపట్టినట్టున్నారు. దగ్గరికొచ్చి వంగి, మడత పడ్డ చెంగు చేత్తో సాపు చేశారు.

అందరూ నావైపు చూశారు. పాతికేళ్ళుగా ఎక్కడ నలుగురు మూగినా మాట్లాడేది నేనే కదా. గొంతు దాకా వచ్చింది: ఆస్పత్రి మీద, చర్చి మీద, మగ్గం గుంట మీద, మా అందరి మీద. పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. కీర్తన ఎవరు పాడతారో అప్పటికీ నాకు తెలియదు. ఎవరూ పాడకపోతే ఆ నిశ్శబ్దంలోనే మట్టి పడుతుందని తెలుసు, అంతే.

కట్ట మీద నుంచి రిక్షాలు దిగాయి. ఆమె వార్డు నర్సులు, పొద్దుటి డ్యూటీ దిగి, తెల్ల యూనిఫారాలతోనే వచ్చారు. ఆలస్యమైందేమోనని పరుగులాంటి నడక. వాళ్ళని చూడగానే ఆమె కూతురు, ఇప్పుడు ఓణీలేసుకునే పిల్ల, ఏడుపు ఆపుకుని మొదలుపెట్టింది. సొరంగంలో నేర్చుకున్న కీర్తన. నా కొడుకు పక్కనుంచి అందుకున్నాడు. రెండో చరణం దగ్గర ఇద్దరికీ మాటలు గుర్తు రాలేదు. అక్కడ నర్సులు అందుకున్నారు. పాస్టరు లేడు, పుస్తకం లేదు. కట్ట కింద గేదెలు కడుక్కుంటున్న వాళ్ళు కూడా తలెత్తి చూశారు. అది పూర్తయ్యేదాకా ఎవరూ మట్టి వెయ్యలేదు.

నాకు దేవుడు లేడు. ఆ రోజు లేడు, ఇవాళా లేడు. ఇది చదివి, కొండ మీద ఎక్కడో నాకు జ్ఞానోదయమైందని సంబరపడేవాళ్ళు పడకండి. ఇచ్చిన మాట చెల్లింది. దానికి నేను చేసిందేమీ లేదని కూడా తెలుసు. నోరు మూసుకున్నాను, అంతే.

బావ ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు. నేనే వెళ్తాను. ఇద్దరం కూచుంటాం. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాట్లాడింది ఆమే అని ఇప్పుడు తెలుస్తోంది. స్నేహితులమే, పాతికేళ్ళ స్నేహం. ఏం మాట్లాడుకోవాలో మా ఇద్దరికీ తెలియడం లేదు. కాసేపుండి, "వస్తానురా" అని లేస్తాను. "ఊఁ" అంటాడు.

ఈ నాలుగు పేజీలూ రాస్తుండగా కరెంటు పోయింది. మా ఆవిడ లాంతరు, విసనకర్ర తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆస్పత్రి సంగతి రాసిన చోట కోపం వచ్చి కలం పాళీ విరిగినంత పనైంది. కుడిచేత్తో రాస్తూనే ఉన్నాను. కాసేపటికి చూసుకుంటే, నా ఎడమ చెయ్యి బల్ల అవతలి అంచు దాకా చాపి ఉంది, అరచెయ్యి పైకి, మణికట్టు దీపం వెలుతురులో. వెనక్కి తీసుకోలేదు. అలాగే ఉంచి రాస్తున్నాను.