సెట్ గోడ మీద మొదటి గీత

నేను సినిమాలకు సెట్లు వేసేవాణ్ణి. వెనక ఏమీ లేని గోడను చూపించి లోపల ఇల్లుందని నమ్మించడం నా వృత్తి. కబుర్లూ అలాగే చెబుతానని ఇంట్లో పేరు. అందుకే ఈ సంగతి మా చెల్లెలు కూడా నమ్మదు, తన కళ్లెదుటే జరిగినా సరే.

ఫిల్మ్‌నగర్‌లో అద్దె ఇంట్లో తను చిన్నపిల్లల బడి నడుపుతోంది. ముందు గదిలో పిల్లలు రాసుకోవడానికి ఒక మూల అమర్చమంది. మోకాలెత్తు బల్ల చేయించాను. వేలితో దిద్దుకోవడానికి పళ్లెంలో బొంబాయి రవ్వ పోశాను. లావుపాటి సుద్దముక్కలు డబ్బాలో పెట్టాను. బోర్డుకు బదులు, విప్పేసిన ఇంటి సెట్టులోంచి ఒక ప్లైవుడ్ గోడ తెచ్చి, పిల్లలకు అందేలా కోయించి, నల్లరంగు పూసి నిలబెట్టాను. దానికి ఒక మేకు ఉండిపోయింది. ఎంత లాగినా రాలేదు.

పిల్లలంతా ఎగబడ్డారు, షేక్‌పేట నుంచి వచ్చే ఒక నాలుగేళ్ల పాప తప్ప. బళ్లో చేరినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు, సుద్ద పట్టలేదు. గోడకెదురుగా కూర్చుని, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు తలాడించేది.

వాళ్లమ్మ విసిగిపోయింది. "జర ఏమన్న రాయించుండ్రి మేడం. లేకుంటే రేపటి సంది పంపియ్య. వాళ్ల నాయన నన్నే తిడుతుండు."

ఆమె అటు వెళ్లగానే చెల్లెలు నా మీద పడింది. "కోతలు కోయడం కాదన్నయ్యా, ఆ పిల్ల చేత ఒక్క గీతైనా గీయించు చూద్దాం."

పాప పక్కన చతికిలబడ్డాను. "ఈ గోడవతల ఓ ఏనుగుందమ్మా, దానికి జలుబు..." అని మొదలుపెట్టాను.

పాప నా వైపు తిరిగింది. "ఏనుగు లేదు. అక్క ఉంది."

పాప సుద్ద తీసుకుని మేకు కింద ఒక వంపు గీత గీసింది. చెల్లెలు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది.

"ఏం గీశావు బంగారం?" అంది.

"నవ్వు. అక్కను నవ్వమని ఎవ్వలు చెప్పలేదంట. గందుకే ఇంటికి పోతలేదు."

మా సినిమావాళ్లకొక ఆచారం ఉంది. చనిపోయినట్టు నటించినవాళ్లను, ఆ షాట్ అయ్యాక కెమెరా ముందు ఒకసారి నవ్వించి పంపిస్తారు, కీడు తగలకుండా. ఆ గోడ కిందే ఒక అమ్మాయి చావు సీను తీశారు. దండ వేసిన ఆమె ఫొటో ఆ మేకుకే తగిలించారు. ఇంతలో వాన ముంచుకొచ్చి హడావిడిగా పేకప్ చెప్పారు. నవ్వు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ అమ్మాయి మళ్లీ ఏ సెట్టులోనూ నాకు కనబడలేదు.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చి గీతను చూసి పొంగిపోయింది. "నా బిడ్డనే గీసిందా! రేపు గూడ తోలుకొస్త మేడం."

వాళ్లు గుమ్మం దగ్గర మాట్లాడుకుంటుండగా తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. గీత తుడిచేసి, ఆ గోడను అప్పుడే వదిలించుకుందామని. పాప పరుగెత్తుకొచ్చి నా చేయి పట్టుకుంది.

"తుడ్వకు అంకుల్. ఇప్పటికి సగమే నవ్వింది."

గుడ్డ బల్ల మీద పెట్టేశాను. గోడకు వీపు చూపించే ధైర్యం చాలక, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాను.