కండువా విసిరికొట్టినాయన

ఈ ఎడారి దేశంలో సమాయిల్ ఊరికి పోయే బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నది జగిత్యాల వైపు మనిషి, సైట్ పని వదిలి ఊరికి పోతున్నాడు. నేను ఇంటి పనికి వచ్చానని, ‘మీ ఏజెంటుకు డబ్బు కట్టాం, నిన్ను మీ ఊరికి పోనివ్వం’ అని మేడమ్ అంటోందని చెప్పాను.

“అంటే నిన్ను అమ్మిండు గదక్కా. ఎవడాడు?”

“అమ్ముడేంది తమ్మీ, మా అక్క మొగుడు, బావనే.”

“మా ఊర్ల గసొంటోడికే పార్టీ కండువ కప్పిండ్రు. ఆడోళ్లను అమ్మినోడు వద్దంటే లీడరు నవ్విండు. థూ! ఇరవై మందిమి కండువలు ఇసిరికొట్టినం. కొత్త పార్టీ పెడ్తున్నం.”

“గెలుస్తరా?”

“గెలుసుడు దేవుడెరుగు. మనిషిని అమ్మినోడిని మాత్రం గడప తొక్కనియ్యం.”

విమానమెక్కే రోజు ఆ బావ కాళ్ళకు దండం పెట్టి వచ్చాను. ఇప్పుడు ఆయన ఫోన్ చేస్తే బావా అని పిలవడానికి నోరు రాదు.