ఏమీ జరగకపోవడమే నా పని

కాదు, నేను ఒప్పుకోను. నా రెజ్యూమేలో ఆ ఆరేళ్లు ఖాళీ కాదు.

గచ్చిబౌలిలో నన్ను ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ ఆ మాటే అంది. "ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లై చేశానని రాశారు, ఓకే. ఒక్క ప్రాజెక్ట్ పేరు లేదు, ఒక్క నంబర్ లేదు. చూడ్డానికి గ్యాప్‌లా ఉందండి."

నా సీటు పైలట్ వెనక. నేల మీది రాడార్లు మా విమానం కోసం వెతుకుతుంటాయి. వాటిని హెడ్‌సెట్‌లో విని, తెర మీద చూసి, వాటి కళ్లుగప్పడం నా పని. ఏ రాడార్, ఎక్కడ, ఎలా అన్నది బయట చెప్పకూడదు. ఎయిర్‌ఫోర్స్‌లో నా గడువు ముగిసి వచ్చేసినా ఆ కట్టుబాటు పోలేదు. ఈ ఉద్యోగం వస్తే మళ్లీ సిగ్నల్స్ మీదే పని. అందుకే అంత ఆశపడ్డాను.

ఆ కంగారులో కింద రిసెప్షన్‌లో ఫోన్ స్విచాఫ్ చేసి సెక్యూరిటీ పెద్దాయన చేతిలో పెట్టేశాను. స్క్వాడ్రన్ అలవాటు. లోపలికి వెళ్లేముందు అక్కడ ఫోన్ ఇచ్చేయాల్సిందే. ఆయన నవ్వి తిరిగిచ్చేశాడు. "గిదేంది సార్, నాకిస్తున్నరు? అమ్ముకోమంటరా ఏంది?"

పైన ఎవరూ నవ్వలేదు.

"మీ పని వల్ల వచ్చిన రిజల్ట్ ఏంటి?"

"ఏమీ జరగలేదు మేడం. అదే రిజల్ట్. వెళ్లినవాళ్లం వెళ్లినట్టే తిరిగొచ్చాం."

"విమానం ఎక్కినవాళ్లంతా తిరిగొస్తారు కదండీ!"

ఒళ్లు మండింది. "అయితే ఆ సీట్లో ఓసారి మీరు కూర్చోండి" అన్నాను. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది.

నానక్‌రామ్‌గూడ దాకా షేర్ ఆటోలో ఫోన్ చూస్తూనే ఉన్నాను. కాంటాక్ట్స్‌లో వందలమంది ఉన్నారు. ఈ సంగతి అర్థమయ్యేది ఒక్కరికే, నా ముందు సీట్లో విమానం నడిపిన గుంటూరాయనకి. ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. ఎక్కడని అడగకూడదు. "సర్, ఇక్కడ ఎవరికీ చెప్పలేకపోతున్నా" అని టైప్ చేసి, చెరిపేసి, "ఎలా ఉన్నారు సర్?" అని పంపాను.

గదికొచ్చి కుక్కర్ పెట్టాక జవాబొచ్చింది. "బాగానే ఉన్నానయ్యా. తిన్నావా?"

మేమిద్దరం రాసుకోగలిగింది అంతే. తిన్నానని అబద్ధం చెప్పాను. కుక్కర్ మూత ఇంకా తీయలేదు.

నంబరే కావాలంటే ఇస్తాను. ప్రతిసారీ ఎక్కింది ఇద్దరం, దిగింది ఇద్దరం. దీన్ని గ్యాప్ అని నా మొహం మీద అనగలరా మీరు?