ఒంటిచేత్తో ముప్ఫై ఏడు సైకిళ్లు

రంగనాథన్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, సైకిల్ కొనడం. అందులో పిచ్చేముంది, ఎవరైనా కొంటారు, తొక్కుకుంటారు అని మీరు అనవచ్చు. అతను కొనలేదు. రెండేళ్లపాటు కొంటూనే ఉన్నాడు.

పీళమేడులో ఒక నూలు మిల్లులో అతను ఫిట్టర్ మేస్త్రి. ఏ మెషిను ఎక్కడ మూలుగుతోందో గోడ అవతలి నుంచే చెప్పగలిగినవాడు. అలాంటివాడు సైకిల్ దగ్గరికి వచ్చేసరికి పెళ్లిచూపుల్లో మేనత్తలా అయిపోయేవాడు. ఊళ్లో ఎవరు కొత్త బండి కొన్నా, పసుపూ కుంకుమా ఆరకముందే వాకిట్లో ప్రత్యక్షమయ్యేవాడు. "ఒక్క చుట్టు పోయి వస్తా" అనేవాడు. ఆ చుట్టు ఎంత దూరమని ముందుగా అడగాలని ఎవరికీ తోచేది కాదు. ఒకాయన బండి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చింది. ఇంకొకాయనది చక్రాల నిండా మరుదమలై కొండ ముళ్లతో వచ్చింది.

మిల్లు గేటు ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకున్న అంతోనికి ఈ వ్యవహారమంతా కంఠతా వచ్చు.

"ఏమి అన్నా, ఈ బండి ఎందుకు పనికిరాలేదు?" అని అడిగేవాడు.

"సన్న టైరు. తారురోడ్డు మీద నీళ్ల మాదిరి పోతాది. మట్టిలోకి దించితే దిగబడిపోతాది."

"మొన్న లావు టైరు బండి చూపిస్తినే."

"అది మట్టిలో పోతాది. రోడ్డు మీదికి వస్తే వెనకనించి ఎవరో జుట్టు పట్టుకొని లాగినట్టుండాది. నాకు మూడు పనులకీ ఒకటే బండి కావాల. దినమూ మిల్లు గేటుకు రావాల. ముళ్లదోవల్లో పల్లెలకు పోవాల. సంతలకు బరువేసుకొని ఉడుమలైపేట, పళని దాకా పోవాల."

"మూడు బండ్లు కొనరాదా మరి?"

"తొక్కేవాడు ఒక్కడే కదప్పా."

అంతోని గాలిపంపు పక్కన పెట్టి అతని వంక చూసేవాడు. ఫిట్టర్ మేస్త్రికి పల్లెల్లో పనేమిటి, సంతల్లో పనేమిటి అని అడగాలనిపించేది. కానీ అడిగితే ఇంకో గంట చెబుతాడని భయం.

ఇంతటితో అయితే ఊరు నవ్వి ఊరుకునేది. ఊరు హడలిపోయింది వేరే విషయానికి. రంగనాథన్ ఏ బండి ఎక్కినా కుడిచేతిని చొక్కా గుండీల మధ్య దూర్చేసుకుని, ఒక్క ఎడమచేత్తోనే హాండిల్ పట్టి తొక్కేవాడు. ఎదురుగా బస్సు వచ్చినా చెయ్యి బయటికి తీసేవాడు కాదు. రెండుసార్లు ఉల్లితోటలో పడ్డాడు, ఒకసారి చింతపండు మూటల మీద పడ్డాడు. పడినప్పుడు కూడా ఆ చెయ్యి చొక్కాలోనే ఉంది.

అందరికంటే ఎక్కువగా హడలిపోయినవాడు అతని బావమరిది కృష్ణరాజ్. అదే మిల్లులో టైమాఫీసు గుమాస్తా. ఇస్త్రీ మడత నలగని మనిషి. తన సొంత అక్క సౌందరాన్ని ఇలాంటివాడికి ఇచ్చామే అని అతనికి లోలోపల దిగులు.

ఒకసారి దగ్గరి చుట్టాలింట్లో పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు రాజేంద్రన్‌కు మామగారు కొత్త సైకిల్ ఇచ్చి, దానికి మల్లెదండ కట్టి పందిట్లో నిలబెట్టారు. తలంబ్రాలు పోశాక ఫొటో తియ్యాలని చూస్తే సైకిల్ లేదు. ఆడపెళ్లివారి ముఖాలు పాలిపోయాయి. దొంగ ఎటు పోయాడని నలుగురు నాలుగు దిక్కులకు పరుగెత్తారు. గంట తరవాత రంగనాథన్ మల్లెదండ మెడకు చుట్టుకుని, ఒంటిచేత్తో తొక్కుకుంటూ వచ్చాడు. బండి దిగి, అందరి ముందూ పెళ్లికొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"మాప్పిళ్ళై, బండి ఎడమకు లాగతా ఉండాది. రెండు చేతులుండేవాడికి తెలియదు. నీకు సరిపోతాది, ఉంచుకో."

కృష్ణరాజ్ పందిరి గుంజ వెనక్కి తప్పుకున్నాడు. తన బావ అని ఎవరికైనా గుర్తొస్తుందేమోనని.

ఆ తరవాత కృష్ణరాజే సైకిల్ కొన్నాడు. ఎనిమిది నెలలు కాచుకుని తెచ్చుకున్న బండి. ముదురాకుపచ్చ రంగు, బంగారు గీతలు. వానలో తీసేవాడు కాదు, ఎండలో నిలిపేవాడు కాదు. దాని చైను మీద కప్పు తుడవడానికి పాత పట్టుపంచె ఒకటి కేటాయించాడు. బావకు కనబడకుండా వంటింట్లో పెట్టాడు.

నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే వంటింట్లో పొయ్యి ఉంది, బిందెలు ఉన్నాయి, సైకిల్ లేదు.

పరుగున అక్క ఇంటికి వెళ్లాడు. సౌందరం తీరిగ్గా రాగులు చెరుగుతోంది.

"అక్కా, బావ ఎక్కడ?"

"పళనికి పోయినాడు."

"బస్సులోనా?"

సౌందరం చేట ఆపి తమ్ముడి ముఖం చూసింది. "నీకు చెప్పలేదా? నీ బండి రొంబ బాగుండాదని రాత్రంతా పొగిడినాడే" అంది.

కృష్ణరాజ్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. అరవై మైళ్లకు పైగా దూరం. పోవడానికి అంత, రావడానికి అంత.

మూడో రోజు మధ్యాహ్నం బండి వచ్చింది. బంగారు గీతలు దుమ్ములో మాయమయ్యాయి. వెనక కేరియర్ మీద ఒక పెద్ద గోనెసంచి తాళ్లతో బిగించి ఉంది. ప్రసాదమేమో, పంచామృతం డబ్బాలేమో అనుకుని కృష్ణరాజ్ కొంచెం మెత్తబడ్డాడు. విప్పి చూస్తే ఇసక.

"ఇదేమి బావా?"

"ఇసక."

"పళని ఇసకా?"

"పళనిలో ఇసక ఎవడు కొంటాడు? మన పీళమేడుదే. ఇక్కడినించి ఎత్తుకొని పోయి, మళ్లా ఎత్తుకొని వచ్చినాను."

కృష్ణరాజ్ గుప్పెడు ఇసక తీసి చూసి, మళ్లీ సంచిలో పోశాడు. రంగనాథన్ మాత్రం చొక్కాలోంచి చెయ్యి తీసి, బండి సీటును దూడ వీపు నిమిరినట్టు నిమిరాడు.

"ముప్ఫై ఏడు బండ్లు చూసినాను మచ్చాన్. ఇదే. ఇంత బరువేసినా, ఒంటిచేత్తో పట్టినా, గీత గీసినట్టు పోతా ఉండాది. నేను ఎంచుకునేసినాను. ఈ బండి నాకు ఇచ్చెయ్యి."

"నా బండి?"

"ఆమా. నీకు ఇంకోటి దొరుకుతాది. నీకు రెండు చేతులుండాయి కదా, ఏ బండైనా సరిపోతాది."

మనిషికి రెండు చేతులుండడం కూడా తప్పేనా అని కృష్ణరాజ్ అడగబోయాడు. దానికి బదులు గోనెసంచిని కిందికి తోసేశాడు. ఇవ్వనని చెప్పి బండి నడిపించుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు తుడవడానికి పట్టుపంచె సగం అరిగిపోయింది.

వారం రోజులు బావ ముఖం చూడలేదు. ఎనిమిదో రోజు ముందు చక్రంలో గాలి తగ్గితే అంతోని షాపుకు వెళ్లాడు. షాపు లోపల విడి వెనకచక్రం ఒకటి వేలాడుతోంది. దాని ఇరుసు మామూలు ఇరుసుకు రెండింతలు లావుగా ఉంది.

"ఇదేమి చక్రం?" అని అడిగాడు.

"మన మిల్లులో ఉండిన దొర ఇంజినీరు ఊరికి పోయేటప్పుడు వదిలేసి పోయిన బండిదండీ. పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడతాది. చేత్తో పట్టే పని లేదు. రంగనాథన్ అన్న ఆరు నెలలు తిరిగి కనిపెట్టినాడు. దీన్ని మీ బండికే తగిలించాలని చెప్పినాడు."

"నా బండికి బ్రేకులు లేవా? ఉన్న రెండూ బాగానే ఉండాయే."

అంతోని గాలి కొట్టడం ఆపాడు. "సార్, మారియప్పన్‌కు రెండు బ్రేకులు ఎట్లా పట్టేది?"

మారియప్పన్ పేరు వినగానే కృష్ణరాజ్ చేతిలోని సైకిల్ హాండిల్ పక్కకు ఒరిగింది.

మారియప్పన్ మిల్లులో దూది ఏకే మెషిను దగ్గర పనిచేసినవాడు. రెండేళ్ల కింద ఆ మెషిను అతని కుడిచేతిని మణికట్టు దాకా తినేసింది. హాజరు పట్టీలో అతని పేరు కొట్టేసింది కృష్ణరాజే. పైవాళ్లు చెప్పారు, గీత గీశాడు, మరిచిపోయాడు. బెల్టు తోసి మెషిను ఆపి మారియప్పన్‌ను బయటికి లాగినవాడు రంగనాథన్. తరవాత కూలీలంతా కలిసి ఏదో సాయం పట్టుకెళితే, మారియప్పన్ గడప దాటనివ్వలేదు. "ఒక చెయ్యి పోయినాది. ఉండే చెయ్యిని చాచమంటారా?" అన్నాడట. అప్పటినుంచీ పొద్దునే మిల్లు గేటు దగ్గర తుండుగుడ్డలు మూటకట్టించుకుని, నెత్తిన పెట్టుకుని, ముళ్లదోవల్లో పల్లెపల్లెకూ నడిచి అమ్ముకుంటున్నాడు. సంతకైతే ముందురోజే బయలుదేరి ఉడుమలైపేట దాకా పోతాడు. నడిచి నడిచి మోకాళ్లు వాచాయి.

గేటు, పల్లెలు, సంత. రెండేళ్లు ఊరంతా నవ్విన మూడు షరతులూ ఎవరివో, చొక్కాలో దాక్కున్న చెయ్యి ఎవరిదో, ఇసక బరువు ఏ మూటదో కృష్ణరాజ్‌కు ఒక్కసారిగా తెలిసింది.

"బావ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరికి తెలుస్తాది. ఊరికి తెలిస్తే వాడు తీసుకోడు. నాకే మొన్న చక్రం తెచ్చిన దినం చెప్పినాడు" అన్నాడు అంతోని.

కృష్ణరాజ్ బండిని అక్కడే వదిలేసి బయటికి వచ్చాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్లాడు. బంగారు గీతల మీద దుమ్ము ఉంటే వేలితో తుడిచాడు. "చక్రం తగిలించెయ్యి" అని చెప్పి, ఈసారి తిరిగి చూడకుండా నడిచాడు.

మరునాడు మిల్లు విడిచే వేళకు మారియప్పన్ టైమాఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనకే రంగనాథన్ గోడను పరీక్షిస్తున్నట్టు నిలబడ్డాడు.

"సార్, మేస్త్రి అంతా చెప్పినాడు" అన్నాడు మారియప్పన్.

కృష్ణరాజ్ హాజరు పట్టీ మూసేశాడు. అంతా అంటే ఎంత?

"మీకు సైకిల్ తొక్కను రాదంటనే. ఆశపడి కొనేసినారంట, ఎక్కితే పడిపోతా ఉండారంట. వంటింట్లో దాచిపెట్టి తుప్పు పట్టిస్తా ఉండారంట. ఎవరైనా దినమూ తొక్కకుంటే బండి చచ్చిపోతాదని మేస్త్రి బాధపడినాడు. అందుకని నేను తొక్కి పెడతాను సార్. మీకు ఉపకారంగా ఉంటాది."

కృష్ణరాజ్ నోరు తెరిచాడు. పదహారేళ్ల వయసునుంచి సైకిల్ తొక్కుతున్నవాడు. గుమాస్తాలు ఇద్దరు కలాలు ఆపి అతని వైపే చూస్తున్నారు. కిటికీ అవతల రంగనాథన్ గోడను వదిలి, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లలో బావ తనకు దణ్ణం పెట్టడం అదే మొదలు.

"ఆమా మారియప్పా. నాకు రాదు. రొంబ కష్టంగా ఉండాది" అన్నాడు కృష్ణరాజ్.

"దీంట్లో సిగ్గేమిటి సార్" అన్నాడు మారియప్పన్ జాలిగా.

మారియప్పన్ మూటను కేరియర్‌కు కట్టించుకుని, ఎడమచేత్తో బండి పట్టుకుని, గేటు ముందు వాలులో ఎక్కాడు. రంగనాథన్ గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"పోయినాడా?"

"పోయినాడు."

"నేరుగానా?"

"గీత గీసినట్టు."

"మలుపు దగ్గర ఆగినాడా?"

"ఆగినాడు. లారీకి దోవ ఇచ్చినాడు. పోతా ఉండాడు."

రంగనాథన్ కళ్లు తెరిచి, చొక్కా అంచుతో మెడ తుడుచుకున్నాడు. ఇద్దరూ ఇంటివైపు నడవడం మొదలుపెట్టారు. దారిలో కృష్ణరాజ్ అన్నాడు.

"ముప్ఫై ఏడు బండ్లు తొక్కినావు బావా. ఇంక నీకంటూ ఒకటి కొనుక్కో."

"నేనా?" రంగనాథన్ నిలబడిపోయాడు. "నాకు సైకిలంటే భయం మచ్చాన్. ఎక్కితే కడుపు తిప్పుతాది. పళనికి పోయేటప్పుడు నాలుగు చోట్ల వాంతి చేసుకున్నాను. మనిషికి నడకే బాగుంటాది."

కృష్ణరాజ్ ఆ మనిషిని పైనుంచి కిందికి చూశాడు. ఇంక తనను ఈ లోకంలో ఏదీ కంగారు పెట్టలేదనుకున్నాడు. అది పొరపాటని ఆదివారం పొద్దునే తెలిసింది.

వాకిట్లో గంట మోగింది. మారియప్పన్ బండి దిగి నిలబడి ఉన్నాడు.

"రండి సార్. ఆదివారం నాకు పని లేదు. మీకు నేర్పిస్తాను. మూడు వారాల్లో వచ్చేస్తాది, భయపడకండి."

వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. పక్కింటి నాగమ్మాళ్ పాలచెంబు కూడా దించకుండా చూస్తోంది. కృష్ణరాజ్ ఇస్త్రీ పంచె ఎగగట్టి, తన ఆకుపచ్చ సైకిల్ ఎక్కి, వణుకుతున్నట్టు హాండిల్ తిప్పాడు. మారియప్పన్ ఉన్న ఒక్కచేత్తో సీటు పట్టుకుని, "ముందుకు చూడండి సార్, చక్రాన్ని చూడకండి" అని అరుస్తూ పక్కనే పరుగెత్తాడు. వెనక రంగనాథన్ ఆయాసపడుతూ, "మోకాలు లోపలికి పెట్టు మచ్చాన్" అని సలహాలిస్తూ పరుగెత్తాడు.

వీధి చివర మలుపులో, బురద తక్కువగా ఉన్న చోటు చూసుకుని, కృష్ణరాజ్ జాగ్రత్తగా పడ్డాడు.

"పరవాలేదు సార్, పోయిన వారం కంటే మేలే" అన్నాడు మారియప్పన్ మూడో ఆదివారం కూడా.