ఎలుగు పిల్ల చెయ్యి

నా చిన్నప్పుడు, మా తమ్ముడు పోయిన పదహారో రోజు పొద్దున, వీధికుక్క ఒకటి చిన్న చేతిని నోట కరుచుకుని మా గుమ్మం ముందుకొచ్చింది. డెబ్బయిల్లో మాట. మేం నర్సీపట్నంలో ఉండేవాళ్ళం, నాన్నది లారీ షెడ్డులో పని, నేను అయిదో తరగతి. నాలుగేళ్ళ తమ్ముడు మూడు రోజుల జ్వరంతో పోతే ఏటి ఒడ్డున పూడ్చి వచ్చారు. కుక్క వదిలేసిన ఆ చేతిని అందరికంటే ముందు చూసింది మా అమ్మ. గడప మీద అలాగే కూలబడిపోయింది.

దానికి చర్మం లేదు. ఎముకల్ని ఎండిన నరాలు పట్టుకుని ఉన్నాయి. మణికట్టు, అరచెయ్యి, అయిదు వేళ్ళు, అన్నీ ఉన్నాయి గానీ వేళ్ళ కొసల్ని ఎవరో కోసేశారు. ఆ కోతలు చూసి ఎవరో చిల్లంగి అన్నారు. చేతబడిని మా వైపు అలా అంటారు. కుక్క వచ్చింది అడ్డాకుల మామ్మ పాక వెనకనుంచే అని ఇంకొకరు అందుకున్నారు. పాపం, తమ్ముడి గొయ్యి తవ్వి చూద్దామంటే నాన్నకి మనసొప్పలేదు. ఇంక ఆ అనుమానానికి అడ్డేముంది?

మామ్మది కొండ మీది ఊరు. ఏజెన్సీ నుంచి అడ్డాకులు తెచ్చి, విస్తళ్ళు కుట్టి ఇంటింటికీ అమ్మేది. ఆవిడ విస్తట్లో తినని ఇల్లు మా వీధిలో లేదు. ఆ మనుషులే పావుగంటలో ఆవిడని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. చిల్లంగి పెట్టేవాళ్ళ ముందుపళ్ళు పీకేస్తే మంత్రం పారదని ఒక పాడు నమ్మకం. పటకారు తెచ్చింది మా నాన్న. చీమకి కూడా హాని చెయ్యని మనిషి. ఆ పటకారు సంగతి చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

“ఎలుగుదండి బాబూ! నా మాట ఇనండి, ఎలుగు పిల్లదండి!” అని మామ్మ ఏడుస్తూనే ఉంది. కళ్ళెదుట మనిషి చెయ్యి కనపడుతుంటే ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. అది తమ్ముడి చెయ్యేనని, నన్ను రమ్మని పిలుస్తోందని నాకు గట్టిగా అనిపించింది.

అప్పుడొచ్చారు పక్కింటి టీచరమ్మ గారు. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. మామ్మ పక్కన నేల మీద కూర్చుని ఆ చేతిని ఒళ్ళోకి తీసుకున్నారు. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. నన్ను పిలిచి, నా చెయ్యి దాని పక్కన పెట్టమన్నారు. పెట్టాను. చల్లగా తగిలింది.

మణికట్టులో గులకరాళ్ళలాంటి ఎముకలు, అక్కణ్ణుంచి అరచేతిలోకి అయిదు పుల్లలు, వేలివేలికీ కణుపులు. నాకు ఎక్కడెక్కడ ఏమున్నాయో దానికీ అక్కడే ఉన్నాయి. అయితే బొటనవేలి దగ్గర ఆవిడ ఆగారు. నాది పక్కకి విడిగా తిరిగి ఉంది. దానికి అయిదు వేళ్ళూ ఒకే వరసన ఉన్నాయి. ఇది పట్టుకునే చెయ్యి కాదు, నడిచే చెయ్యి అన్నారు.

తరవాత ఆవిడ చూపు నా మెడ మీద ఆగింది. వారం కిందటే అమ్మ నాకు ఎలుగు గోరు కట్టింది. ఒక బిడ్డ పోయాక ఉన్న బిడ్డకి గాలీ ధూళీ సోకకుండా కట్టే తాయెత్తు అది. కొస ఎముకతో సహా కోసిన గోరు. టీచరమ్మ గారు తాడు విప్పి, దాన్ని ఒక వేలికి ఆనించారు. కుదరలేదు. రెండోదానికీ కుదరలేదు. మూడో వేలికి సీసాకి మూత పడ్డట్టు సరిపోయింది.

అమ్మ అప్పుడు నోరు విప్పింది. “నానేనండి తెమ్మన్నాను. నా పిల్లకి గోరు కావాలని మామ్మనడిగింది నానే.” గోళ్ళన్నీ కోసుకున్నాక మిగిలినదాన్ని మామ్మ పాక వెనక పారేసిందట.

నాన్న పటకారు వదిలేసి మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. “ఎలుగుదే గదా, ఇంకేటి” అనుకుంటూ జనం చెదిరిపోయారు. వాళ్ళ భయం తీరింది. నాకు మాత్రం పెరిగింది. తమ్ముడిది కాకపోతే తమ్ముడిదిలా ఎందుకుంది?

అదే టీచరమ్మ గారిని అడిగాను. ఆవిడ ఇంట్లోకి తీసుకెళ్ళి గాజుపెట్టెలోని గబ్బిలం అస్థిపంజరం చూపించారు. రెక్క అనుకున్నదంతా చెయ్యే, గొడుగు ఊచల్లా సాగిన వేళ్ళే. లెక్కపెడితే అయిదు. తిమింగలం ఈదే తెడ్డులోనూ ఇవే ఎముకలున్నాయట. ఎగరడానికీ, ఈదడానికీ, నడవడానికీ, సూది పట్టుకోడానికీ అదే వరస. అందరం ఎప్పటిదో ఒక పాత తల్లి సంతానమై, తరతరాలుగా విడిపోతూ మారుతూ వచ్చాం కనకనే ఈ పోలిక అన్నారు. ఎలుగు మనకి అమ్మమ్మ కాదట, బహుదూరపు మేనత్త కూతురు లాంటిదట. రాతిపొరల్లో లోతుకి వెళ్ళినకొద్దీ దొరికే ఎముకలకి ఇప్పటివాటితో పోలిక తగ్గుతూ పోతుందని, తల్లి కడుపులో తొలి వారాల్లో మనకీ చిన్న తోక ఉంటుందని చెప్పారు. నేను నడుము వెనక తడుముకున్నాను. గబ్బిలం ఖాళీ కళ్ళతో నన్ను చుట్టాన్ని చూసినట్టే చూస్తోంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ చేతిని పాత పంచె ముక్కలో చుడుతోంది. గోరు కూడా అందులోనే పెట్టేసింది. ఇక నన్నెవరు కాపాడతారని నేను ఏడ్చాను. “పిల్లదంట గదే. దీనికీ తల్లి ఉంటాది. ఎక్కడ ఎతుక్కుంటందో” అంది. అమ్మా నాన్నా దాన్ని తీసుకెళ్ళి తమ్ముడి పక్కన పూడ్చి వచ్చారు.

మామ్మ మళ్ళీ మా వీధికి రాలేదు. నాన్న రెండుసార్లు కొండెక్కి బతిమాలాడు. పళ్ళు దక్కాయి గానీ, ఆ వీధి మొహం చూడలేనందట.

నాకిప్పుడు అరవై దాటాయి. చలికాలం వేళ్ళు నొప్పి పుట్టి రుద్దుకుంటుంటే చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటే తగులుతాయి. ఇవి నా ఒక్కదానివి కావన్న తలపుకి ఒళ్ళు జలదరిస్తుంది. ఏటి ఒడ్డున పక్కపక్కనే ఉన్న ఆ ఇద్దరు పిల్లలూ గుర్తొస్తారు. ఏ చెయ్యి ఎవరిదో అప్పుడు నేను పోల్చుకోలేను, పోల్చుకోవాలనీ ఉండదు.