అల్లుడికి ఫ్యాను పడదు

విత్తనాల కొట్లో పనిచేసేవాడికి బట్టతల ఉండకూడదు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకి గానీ తెలియలేదు. తొంభైల చివర్లో పొదిలి దగ్గర మా ఊరి నుంచి గుంటూరు వచ్చి, పత్తి, మిరప విత్తనాలు అమ్మే కొట్లో కుదిరినప్పుడు నాకు దువ్వెన విరిగేంత జుట్టు ఉండేది. ముందు నుదురు వెనక్కి జరిగింది. తెలివైనవాళ్లకి అంతేలే అన్నారు. తర్వాత నడినెత్తిన రూపాయి బిళ్లంత ఖాళీ వచ్చింది. డబ్బు కలిసొస్తుందన్నారు. ఆ రెండూ ఒకటైపోయాక అందరూ ఏదో ఒకటి అనడం మానేసి, ఊరికే చూడడం మొదలుపెట్టారు.

మొహం మీద అడిగినవాడు ఒక్క రైతు. మిరప విత్తనాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏందయ్యా, గింజ పడితే మొలకే అంటన్నావ్. నీ నెత్తి మీదే మొలిపించుకోలేనోడివి, నిన్ను నమ్ముకుని నేను చేలో పెట్టాల్నా?"

కొట్టంతా నవ్వింది. మా యజమాని అందరికంటే గట్టిగా నవ్వి, మర్నాటి నుంచి నన్ను కౌంటరు మీద నుంచి గోడౌనుకి మార్చాడు. సీజను కదా, రైతులకి అనుమానం రాకూడదన్నాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదేనని నాకు ఒళ్లు మండింది. అసలే నాకు కోపం ఎక్కువ. కానీ బట్టతలవాడి కోపానికి ఎక్కడా విలువ లేదు. మామూలువాడికి మొహం ఒక్కటే ఎర్రబడుతుంది, మాకు వెనక మెడ దాకా ఎర్రబడుతుంది. అది చూడడానికే ఇంకాస్త రెచ్చగొడతారు.

ఆడవాళ్ల సంగతి వేరు. జుట్టు తగ్గితే వాళ్లకి సవరం ఉంది. మా అమ్మ తన సవరాన్ని పట్టపగలు దండెం మీద ఆరేస్తుంది. పక్కింటావిడ వచ్చి, బాగుంది వదినా, ఎక్కడ కొన్నావని అడుగుతుంది. అదే మగవాడు పెట్టుకుంటే మోసగాడు. చిక్కు వెంట్రుకలకి స్టీలు సామాను ఇస్తానని అరుచుకుంటూ మా వీధిలోకి వచ్చే మనిషి ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, "అబ్బాయిది దాచిపెట్టి ఉంటే బిందె వచ్చేదమ్మా" అన్నాడు మా అమ్మతో. ఆవిడ నిజంగానే బాధపడింది. నా జుట్టు కోసమో, బిందె కోసమో నాకు ఇప్పటికీ తెలియదు.

మందులు వాడలేదా అంటే వాడాను. గుంటగలగరాకు నూనె, మందారాకు ముద్ద, కోడిగుడ్డు, అన్నీ అయ్యాయి. ఉల్లిపాయ రసం రాసుకుని బస్సెక్కితే నా పక్క సీటు గుంటూరు దాకా ఖాళీగానే వచ్చేది. అది ఒక్కటే ఆ మందు వల్ల నాకు కలిగిన లాభం. చివరికి ఎడమ చెవి మీద మిగిలిన జుట్టుని పొడుగ్గా పెంచి, కొబ్బరినూనె పెట్టి, నెత్తి మీదుగా కుడి చెవి వైపు దువ్వడం మొదలుపెట్టాను. కాలువ చివరి పొలాలకి నీళ్లు అందనట్టే, ఆ జుట్టు కూడా ఎంత లాగినా కుడి చెవి దాకా అందేది కాదు.

ఈలోగా నాకు ముప్పై దగ్గర పడ్డాయి. వచ్చిన సంబంధమల్లా నన్ను చూసి వెళ్లాక జాతకాలు కలవలేదని కబురు పంపేది. జాతకాలు కలవకపోవడానికి ముందు మా కాఫీ తాగడం ఎందుకని నేను కేకలేసేవాణ్ణి. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది, లేనివాడు నోరు మూసుకుని కూర్చోవాలిరా అని మా అమ్మ నా నోరు నొక్కేసేది.

అప్పుడు మా మేనమామ అమరావతి రోడ్డులో ఒక ఊళ్లో సంబంధం చూశాడు. మిరప రైతు, ఒక్కతే కూతురు, డిగ్రీ చదివింది. ఎండాకాలంలో పెళ్లిచూపులకి వెళ్లాం. వాళ్ల ముందుగది మధ్యలో ఫ్యాను, సరిగ్గా దాని కింద నా కుర్చీ. నేను కూర్చున్నానో లేదో నెత్తి మీద జుట్టు లేవడం మొదలైంది. నేను చేత్తో అదిమిపట్టుకున్నాను.

"అన్నయ్యగారూ, కాస్త ఆ ఫ్యాను ఆపిస్తారా? మావాడికి గాలి పడదు. జలుబు చేసిద్ది" అంది మా అమ్మ పిల్ల తండ్రితో.

ఆయన మర్యాదస్తుడు. తనే లేచి ఆపాడు. మిట్టమధ్యాహ్నం, గుంటూరు ఎండ. అందరూ కండువాలతో, కొంగులతో విసురుకుంటూ కూర్చున్నారు. ఆయన మాత్రం నాకు మిరప తోటలో వచ్చే ముడత తెగులు గురించి చెబుతూ పోయాడు. చెమట కళ్లల్లోకి కారుతుంటే నేను తలాడించాను. తలాడించడమంటే మరీ ఆడించకుండా, జుట్టు కదలకుండా, కళ్లతోనే.

పిల్ల వచ్చింది. ప్లేట్లలో మైసూరుపాకు, కారప్పూస పెట్టి ఒక్కొక్కరికీ అందించింది. నా దగ్గరకొచ్చి ప్లేటు ఇస్తూ కాస్త ఎక్కువసేపు నిలబడింది. నచ్చానేమో అనుకుని ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను. నువ్వేమన్నా అడుగుతావా అమ్మా అని మా మామ అడిగితే, ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"మీకు నిజంగానే ఫ్యాను గాలి పడదా అండీ?"

అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది. "పడుతుందండి" అన్నాను.

"అంటే, రాత్రిళ్లు పడిద్ది" అని మా అమ్మ సర్దింది.

ఆ పిల్ల పెదవి కొరుక్కుని లోపలికి వెళ్లిపోయింది. అప్పటిదాకా నాకు పెళ్లయితే చాలనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆ పిల్లే కావాలనుకున్నాను. భయం మొదలైంది కూడా అప్పుడే.

వారంలో సరేనని కబురు వచ్చింది. మా ఇంట్లో పండగ, నాకు గుబులు. ముందే సంగతి చెప్పెయ్యమని మామని పట్టుబట్టి వాళ్ల ఊరు పంపాను. సాయంత్రానికి తిరిగి వచ్చి, చెప్పానులేరా అన్నాడు.

"ఏమని చెప్పావ్ మామా?"

"అబ్బాయికి నుదురు కాస్త విశాలం అని చెప్పా."

"వాళ్లేమన్నారు?"

"మంచి లక్షణమే గదా అన్నారు."

ఆ మామ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మళ్లీ వెళ్లి సరిగ్గా చెప్పమంటే, కుదిరిన పెళ్లిని చెడగొట్టుకుంటావా అని ఆయనే నన్ను తిట్టాడు. దానికి తోడు, మా పక్క ఊళ్లో ఎవడిదో విగ్గు ఊడితే పెళ్లికూతురు పీటల మీద నుంచి లేచిపోయిందని మా పెద్దమ్మ ఒక కథ మోసుకొచ్చింది. ఆ కథ విన్నాక కూడా మా మామ ఒక విగ్గు కొనుక్కొచ్చాడంటే ఆయన ధైర్యం మెచ్చుకోవాలి. అది పెట్టుకుని నేను వసారాలోకి వస్తే మా గేదె కట్టు తెంచుకోబోయింది. ఇక వీణ్ణి గేదె పాలు కూడా పితకనివ్వదే అని మా అమ్మ ముక్కు చీదింది.

అయినా విగ్గుకి అసలు అడ్డు గేదె కాదు, మన పెళ్లి. మన పెళ్లిలో ఏం జరిగినా తల మీదే జరుగుతుంది. పెళ్లికొడుకుని చేసేటప్పుడు ముత్తయిదువలు వరసగా వచ్చి మాడుకి నూనె అంటుతారు. ముహూర్తానికి జీలకర్రా బెల్లం నూరిన ముద్దని తమలపాకులో పెట్టి, పెళ్లికూతురు స్వయంగా నడినెత్తిన అదుముతుంది. ఆ తర్వాత తలంబ్రాలు దోసిళ్లతో పోస్తారు. వేల ఏళ్ల నుంచి ఈ తతంగం నడుపుతున్న పెద్దల్లో ఒక్కడికైనా బట్టతల లేకపోయిందా అని నాకు అనుమానం. మా మామ పంతులుగారి దగ్గరికి వెళ్లి, జీలకర్రా బెల్లం భుజం మీద పెడితే కుదరదా అని అడిగాడు.

"భుజం మీద పెడితే భుజానికి పెళ్లవుతుందయ్యా, మనిషికి కాదు" అన్నాడాయన.

విగ్గు అటక ఎక్కింది. శ్రావణంలో వాళ్ల ఊళ్లో పెళ్లి. పొద్దున్నుంచీ ఉక్క. నెత్తి మీదకి దువ్వి పెట్టిన జుట్టు చెమటకి జారి ఎడమ చెవి పక్కనే కూర్చుంది. సర్దుకుందామంటే రెండు చేతులూ పంతులుగారి అధీనంలో ఉన్నాయి. నాకూ ఆ పిల్లకీ మధ్య అడ్డుతెర పట్టుకున్నారు. తెర అవతల ఆమె గాజుల చప్పుడు వినపడుతోంది. ఇప్పుడు ఆమె చెయ్యి నా తల మీదకి వస్తుంది, వెనక్కి తీసుకుంటే అంతే అనుకున్నాను. పంతులుగారి మంత్రాలు ఒక్కటీ నా చెవికెక్కలేదు.

గట్టిమేళం మోగింది. తెర మీదుగా ఆమె చెయ్యి వచ్చింది. చల్లటి ముద్ద వట్టి చర్మానికి తగిలింది. తగిలి, చెమటకి జారింది. చెయ్యి ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"గట్టిగా అదమాలమ్మా, జారకూడదు" అన్నారు పంతులుగారు.

ఆమె అరచెయ్యి మొత్తం ఆనించి అదిమింది. తీయలేదు. అంతలో నా ఎడమ చెవి దగ్గర ఏదో కదిలింది. ఆమె చిటికెన వేలు. జారిపోయిన నా జుట్టుని మెల్లగా పైకి లాగి, ముద్ద మీదుగా సర్ది, తమలపాకు కింద నొక్కిపెట్టింది. బెల్లం కదా, అతుక్కుంది. అప్పుడు తెర దించారు. ఎదురుగా ఆమె నవ్వు ఆపుకోలేక తల వంచుకుని ఉంది. పెళ్లికూతురు సిగ్గుపడుతోందని అందరూ ముచ్చటపడ్డారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హోమం పొగ అనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనాలు. అదే ముందుగది, అదే ఫ్యాను. తలంటు పోసుకున్నాక నేను మళ్లీ నూనె పెట్టి దువ్వుకుని, మా మేనమామ పక్కన విస్తరి ముందు కూర్చున్నాను. గుమ్మంలోంచి మా మామగారు ఇల్లు అదిరేలా అరిచారు.

"ఎవర్రా అక్కడ? ఆ ఫ్యాను కట్టెయ్యండి. అల్లుడుగారికి పడదు!"

ఎవరో కట్టేశారు. గదిలో ఉన్నవాళ్లందరూ ఉసూరుమన్నారు. ఆమె పప్పు గిన్నెతో వంటింట్లోంచి వచ్చింది.

"పడిద్ది నాన్నా. ఆ రోజు ఆయనే చెప్పారుగా" అంది. అని, గిన్నె కింద పెట్టి, ఫ్యాను వేసి, రెగ్యులేటరు చివరిదాకా తిప్పింది.

నా జుట్టు లేచింది. ఎడమ చెవి మీద తలుపులా తెరుచుకుని నిలబడింది. మా అమ్మ, అయ్యో అయ్యో అంటూ కొంగు పట్టుకుని నా నెత్తి మీదకి పరిగెత్తుకొచ్చింది.

"ఉండనీండి అత్తయ్యా" అంది ఆమె, నా విస్తట్లో పప్పు వేస్తూ. "ఎదురుగా కూర్చున్నోళ్లకి ముందువైపే కనపడిద్ది. వడ్డించేవాళ్లకి పైనంతా కనపడిద్ది. పెళ్లిచూపుల్లోనే చూశా."

మా మామగారు నన్ను చూశారు, ఫ్యానుని చూశారు. "ఇందుకా అందర్నీ ఎండాకాలంలో ఉడకేశారు?" అని వచ్చి, నా పక్కనే గాలి తగిలేచోట కూర్చుని విస్తరి వేయించుకున్నారు. నేను జుట్టు సర్దుకోవడానికి చెయ్యెత్తబోయి, పప్పన్నం కలిపిన చెయ్యి కదా అని మానేశాను. గాలి నడినెత్తికి తగిలి చెమట ఆరింది. ఎన్నాళ్లయిందో అలా ఫ్యాను కింద తిని. ఇంకొంచెం నెయ్యి వెయ్యమన్నాను.