విరుదునగర్‌లో మంచు కింది సముద్రం

తమిళనాట విరుదునగర్‌లో ఒక కళాశాలకు జంతుశాస్త్రం చెప్పే మనిషి కావలసి వచ్చింది. వెళ్లినవాళ్లు ఇష్టమైన అంశం మీద విద్యార్థుల ముందు ఒక పాఠం చెప్పాలి, బాగుంటే ఉద్యోగం. ఇది తొంభైల చివరి మాట. నేను ధ్రువసముద్రాల జీవులను ఎంచుకున్నాను. జమీందారుగా బతికిన తాతగారి పేరు చెప్పుకోమని బంధువులు సలహా ఇచ్చారు. ఆ పేరు మా పొలాలనే నిలబెట్టలేకపోయింది. సిఫారసు లేకుండానే గెలవాలని బయలుదేరాను.

మా ఊరు నాగలాపురంలో తొలి బస్సు ఎక్కి కోవిల్‌పట్టిలో మేనత్త ఇంటికి చేరాను. బజారులో ఐసుగడ్డ, తూత్తుకుడి నుంచి వచ్చిన ఒక చిన్న చేప కొని థర్మాకోల్ పెట్టెలో సర్దాను. అది చూసి అత్త బొగ్గుముక్క పట్టుకొచ్చింది. మా వైపు మాంసమో చేపో ఊరు దాటిస్తే, దెయ్యం వెంటపడకుండా పక్కన బొగ్గు వేస్తారు.

"వద్దత్తా. ఇది కూర కాదు, పాఠం."

"పాఠమని దెయ్యానికి తెలుస్తాదా? దానికి చేప వాసన చాలును. జమీను బిడ్డవని నిన్ను ఇడిచిపెడతాదా?"

నేను ససేమిరా అన్నాను. ఇడ్లీ తిని వచ్చేసరికి పెట్టెకు గట్టిగా తాడు కట్టి ఉంది.

ఎనిమిదిన్నరకు విరుదునగర్ బస్సు. ఉదయం వెళ్లేవారు ఎడమవైపు కూర్చోవాలి, కుడివైపంతా ఎండే. పక్కన మిరపకాయల మూటతో ఒక పెద్దావిడ కూర్చుంది. కారం ఘాటుకు బస్సంతా తుమ్మింది. ఆమె నా పెట్టె కేసి చూసింది.

"ఇస్త్రీ చొక్కా ఏసుకొని ఐసు అమ్మేవాణ్ని ఇప్పుడే చూస్తా ఉండా. పాల ఐసా, సేమియా ఐసా?"

నడుము నిటారుగా పెట్టి, అమ్మకానికి కాదన్నాను. మంచు కప్పిన సముద్రం గురించీ, దాని కింద బతికే చేపల గురించీ చెప్పాను.

"అంత చలికి చావవా?"

"చావవమ్మా."

"ఈ ఎండకి మేమూ చావలేదే. అట్లనే అవీనూ!"

సాత్తూరులో టీకి ఆగినప్పుడు దిగలేదు. గుంతల్లో ఎగిరెగిరి పడిన పెట్టెను వదలడం ఇష్టం లేకపోయింది.

తరగతి గదిలో ప్రిన్సిపాల్, ఇద్దరు అధ్యాపకులు వెనక బల్లపై కూర్చున్నారు. గాజుతొట్టిలో ఉప్పునీళ్లు పోసి పెట్టె విప్పాను. ఐసుగడ్డ అడుగంతా నల్లగా ఉంది. అత్త తన మాటే నెగ్గించుకుంది. దారి పొడవునా నలిగిన బొగ్గు మంచులో దిగిపోయింది.

"సార్, మీ ధ్రువంలో పొయ్యి ఉందా?" అని ఒకడు అరిచాడు. గది గొల్లుమంది.

"కావాలంటే ఇంకోరోజు రండి," అన్నారు ప్రిన్సిపాల్.

"ఇవాళే చెబుతాను."

గడ్డను అలాగే తొట్టిలో వదిలాను. "కింద నుంచి చూడండి. అక్కడి మంచుకూ అడుగున ఇలాగే రంగు ఉంటుంది. అది మసి కాదు, పాచి. చలికాలంలో పిల్లరొయ్యలు దాన్నే గీకి తింటాయి. ఎదిగినా చిటికెనవేలంతే ఉండే ఆ రొయ్యల మీద పెంగ్విన్‌లూ తిమింగలాలూ బతుకుతాయి." తర్వాత చేపను ఎత్తి చూపాను. మన చేప ఆ చలికి గడ్డకట్టి చస్తుందనీ, అక్కడి చేపల రక్తంలో మంచుపలుకును పెరగనివ్వని పదార్థం ఉంటుందనీ చెప్పాను. ముందు వరసలో ఒక అమ్మాయి తొట్టి మీదికి వంగింది.

"సార్, మంచు కరిగిపోతోంది. నలుపంతా నీళ్లలోకి పోతోంది. అక్కడ ఇలా జరిగితే ఆ పిల్లరొయ్యలు ఏం తింటాయి?"

"మేత తగ్గుతుంది. ముందు అవి తగ్గుతాయి, తర్వాత వాటిని తినేవి."

విరుదునగర్ ఎండకు గడ్డ మా కళ్ల ముందే చిన్నదైంది. ఎవరూ నవ్వలేదు.

బయట వరండాలో ప్రిన్సిపాల్ నా ఊరడిగి, ఇంటిపేరు గుర్తుపట్టారు. "ఆ జమీను వారా! ముందే చెప్పకూడదూ?"

"పాఠం నేను చెప్పానండీ, జమీను కాదు."

ఆయన చేయి చాపారు. "సోమవారం రండి. మొదటి సంవత్సరం తరగతి మీదే."

తిరుగు బస్సులో సీటు లేదు. కోవిల్‌పట్టి దాకా నిలబడే వచ్చాను. వెళ్లేవారికి ఒక మాట: విరుదునగర్ ఎండ గట్టిది, పిల్లలు అంతకంటే గట్టివాళ్లు. రెండింటికీ సిద్ధపడి వెళ్లండి. సాత్తూరు దాటాక ఒక ముసలాయన తెలుగులో పలకరించాడు.

"ఎవరింటి అబ్బాయివి నాయనా?"

మా వైపు ఈ ప్రశ్నకు ఇంతకాలం తాతగారి పేరే చెబుతూ వచ్చాను.

"విరుదునగర్ కాలేజీలో పంతుల్నండీ," అన్నాను.